దబ్బనానికి అవతలి వైపు

ఆ చలికాలం పరుపుల పని మా మీద విరుచుకుపడింది. చలి మొదలైందంటే జనానికి ఒకేసారి వీపులు గుర్తొస్తాయి. ఏడాదంతా గడ్డలు కట్టిన పరుపు మీద దొర్లినవాళ్ళే, నాలుగు రోజులు మంచు కురవగానే దాన్ని చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని దుకాణానికి వస్తారు. రేపటికే కావాలంటారు. వాళ్ళకు సమాధానం చెప్పే పని మా అమ్మాయిది. దూది ఏకే పని నాది.

దూది ఏకడానికి ఒక మనిషి చాలు. కవరు కుట్టడానికి ఒక మనిషి చాలు. లోపలి దూది కదలకుండా కుచ్చులు వెయ్యడానికి మాత్రం ఇద్దరు కావాలి. నిండిన పరుపును చట్రానికి నిలువుగా కడతాం. ఇటువైపు నుంచి ఒకడు జానెడున్నర దబ్బనం పొడుస్తాడు. అది అటువైపు ఎక్కడ తేలుతుందో పొడిచినవాడికి కనపడదు. అవతలివాడు దాన్ని అందుకుని, దారం బిగించి, కుచ్చు పెట్టి, రెండు వేళ్ళ ఎడంలో మళ్ళీ ఇటు పంపాలి. లయ కుదిరితే గంటలో పరుపు అయిపోతుంది. కుదరకపోతే వేళ్ళు తూట్లు పడతాయి. మావాడు జైల్లో ఉన్న ఇరవై నెలలూ చట్రం చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ రెండు పక్కలా నేనే కుట్టాను.

మావాడంటే మా చిన్నోడు. అమ్మాయి తర్వాత ఎనిమిదేళ్ళకు పుట్టాడు. మత్తుమందు సూదికి అలవాటుపడి, దానికోసం ఎవరింట్లోనో నీళ్ళ మోటారు విప్పుకుపోతూ దొరికాడు. ఆ సంగతి అంతవరకే.

శుక్రవారం వదులుతారన్నారు. గురువారం మధ్యాహ్నమే వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో సంచి లేదు. భుజాన దుప్పటి లేదు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

"ఏరా, చెప్పులు కూడా లాక్కున్నారా?" అంది అమ్మాయి, కుట్టు మిషను ఆపకుండానే.

"వదిలేసి వచ్చానక్కా. లోపలి వస్తువు ఏదీ బయటికి తేకూడదు. తెస్తే అది మళ్ళీ మనల్ని లోపలికి ఈడ్చుకుపోతుంది. పోయేవాడు ఉన్నవాళ్ళకు పంచేసి పోవాలి. అందరూ అంతే."

"మరి ఆ చొక్కా?"

"ఇది లోపలికి పోయిన రోజు వేసుకున్నదే."

"బతికించావు. లేకపోతే వీధంతా ఎలా నడిచొచ్చేవాడివో."

వాడు నవ్వాడు. అమ్మాయి మిషను ఆపి, మొహం కొంగుతో తుడుచుకుని మళ్ళీ తొక్కింది. నేను నా పాత చెప్పులు వాడి ముందుకు తోశాను. వాడి కాలూ నా కాలూ ఒకటే కొలత.

మర్నాడే అమ్మాయి వాణ్ణి వెంటబెట్టుకుని మార్కెట్ వెనక సెంటర్‌కు తీసుకుపోయింది. సూది మానినవాళ్ళకు అక్కడ రోజూ పొద్దున మందు పోస్తారు. సిస్టర్ ఎదురుగా నిలబడి తాగాలి, ఇంటికివ్వరు. ఎనిమిదిన్నరకు తెరిచి పదిన్నరకు మూస్తారు. అది తాగితే వాడు మనిషిలా ఉంటాడు. ఒక్క రోజు తప్పితే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుందట. ఆ చీమల్ని దులపడానికి పాత స్నేహితులు గుర్తొస్తారు. అందుకని అమ్మాయి తన గడియారం తీసి వాడి చేతికి కట్టింది.

పది రోజులు పని పరుగెత్తింది. నేను పొడిచిన దబ్బనం నేను ఊపిరి తీసుకునేలోపు తిరిగి వచ్చేది. ఇరవై నెలల తర్వాత కూడా వాడి చెయ్యి పని మరవలేదు.

పదకొండో రోజు ఒక లాడ్జీవాళ్ళ పరుపులు చట్రానికెక్కించాం. ఇటు నేను, అటు వాడు. అమ్మాయి కింద కూర్చుని కుచ్చులు అందిస్తోంది. నేను పొడిచిన దబ్బనం వాడి బొటనవేలిలో దిగింది. మా పనిలో అదేం పెద్ద విషయం కాదు. వేలు నోట్లో పెట్టుకుని, ఒక తిట్టు తిట్టుకుని, మళ్ళీ మొదలుపెడతాం. అమ్మాయి అలవాటుగా లేచి వాడి వేలు పట్టుకోబోయింది.

"ముట్టుకోకు."

ఆ గొంతు విని నేను చట్రం చుట్టూ తిరిగి అటు వెళ్ళాను. వాడు ఇంత దూది తీసుకుని వేలికి చుట్టుకుంటున్నాడు. దబ్బనాన్ని ఎడంగా, గోడ వారన పెట్టాడు.

"నాకు హెచ్.ఐ.వి. ఉందక్కా. సూదుల వల్ల. లోపల రక్తం తీసి చూసి చెప్పారు. పద్నాలుగు నెలలైంది."

పక్క గదిలో ఏకుడు మిషను ఒట్టిగా తిరుగుతోంది. అమ్మాయి వెళ్ళి దాన్ని ఆపి వచ్చింది.

"మందులివ్వలేదా?"

"ఇచ్చారు. రోజుకొక బిళ్ళ. ఒక్క రోజు తప్పలేదు. మొన్న మళ్ళీ రక్తం చూసి, జబ్బు కనపడనంత అణిగిపోయిందన్నారు. ఇలాగే తప్పకుండా వేసుకుంటే నాకూ ఢోకా లేదు, నావల్ల ఇంకొకరికీ భయం ఉండదన్నారు."

"మరి ఇక్కడ వేసుకుంటుంటే నేనెప్పుడూ చూడలేదే."

వాడు వేలికి చుట్టిన దూది సవరించుకున్నాడు.

"మందులేవిరా?"

"చెప్పాగదక్కా. లోపలిది ఏదీ..."

"చెప్పులు వదిలావు, సరే. సబ్బు వదిలావు, సరే. ప్రాణం కూడా అక్కడే పంచిపెట్టి వచ్చావట్రా?"

అప్పుడు మిగతాది చెప్పాడు. వదిలేరోజు పొద్దున జైలు కాంపౌండరు నెలకు సరిపడా బిళ్ళల డబ్బా, ఒక పచ్చ పుస్తకం చేతికిచ్చాడట. మందు ఎప్పుడెంత ఇచ్చిందీ ఆ పుస్తకంలోనే ఉంటుంది. వీడి పక్క చాప మీద పడుకునేవాడికీ ఇదే జబ్బు. నోరు ఊరుకోదని వాణ్ణి అందరూ రేడియో అంటారట. ఆ రేడియోకు రావలసిన బిళ్ళల సరుకు నాలుగు రోజులుగా రాలేదు. 'నేను బయటికే పోతున్నాగా, బయట బోలెడు ఆస్పత్రులు' అనుకుని దుప్పటితో పాటు డబ్బా, డబ్బాతో పాటు పుస్తకం వాడి ఒళ్ళో పెట్టి వచ్చేశాడు.

నాలుగో రోజున పెద్దాసుపత్రి వెనక ఈ జబ్బుకు మందిచ్చే చోటికి పోయాడట. 'నీకు వచ్చే నెల దాకా ఇచ్చినట్టు కంప్యూటర్లో ఉంది, ఆ మందేమైంది?' అని అడిగారు. బయట అమ్ముకునేవాళ్ళు ఉంటారట. ఇచ్చేశానంటే ఎవరు నమ్ముతారని తల దించుకుని తిరిగి వచ్చాడు.

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను" అన్నాడు.

"పొద్దున పోదాం" అన్నాను నేను.

అమ్మాయి దబ్బనాన్ని పటకారుతో తీసి మరిగే నీళ్ళలో వేసింది. చాలాసేపు మరిగించింది. చిన్నోడు మళ్ళీ చట్రం దగ్గరికి రాలేదు. మేమెవరం వద్దనలేదు. మందు మళ్ళీ కడుపులో పడేదాకా దబ్బనం ముట్టనని వాడే అన్నాడు. ఒక మూల కూర్చుని పాత దూదిలో గింజలూ చెత్తా ఏరడం మొదలుపెట్టాడు. లాడ్జీ పరుపుల చుట్టూ మళ్ళీ నేనే తిరిగాను.

పెద్దాసుపత్రిలో టోకెన్లు ఎనిమిదికి మొదలై పదింటికి ఆగిపోతాయి. మార్కెట్ వెనక సెంటర్‌లో మందు ఎనిమిదిన్నరకు. మధ్యలో రెండు బస్సులు మారాలి. పెట్టినవాళ్ళకు ఒకరి వేళలు ఒకరికి తెలియవో, తెలిసే పెట్టారో నాకు తెలియదు. వాణ్ణి సెంటర్‌కు పంపి, నేను ఏడున్నరకే వెళ్ళి ఆస్పత్రి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర.

"జబ్బు మనిషేడీ?" అన్నాడు కిటికీలో కుర్రాడు.

"వస్తున్నాడు. నేను తండ్రిని."

"తండ్రికి కాదుగదా జబ్బు. మనిషి ఉంటేనే టోకెన్. పక్కకు జరుగు తాతా."

వాడు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పది దాటి పావుగంట. కిటికీ మూసేసి కుర్రాడు టీ తాగుతున్నాడు.

ఆ సాయంత్రం అమ్మాయి సెంటర్‌కు పోయి సిస్టర్‌తో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున సిస్టర్ ఎనిమిదింటికే పక్క తలుపు తీసి, వాడికి మందు పోసి, "మీ అక్క నోరు మంచిదయ్యా, నా చేత తలుపు తీయించింది" అందట. తొమ్మిదింబావుకల్లా వాడు వరసలో నా ముందున్నాడు.

లోపల కౌన్సిలరమ్మ ఉంది. మా అమ్మాయి వయసే ఉంటుంది. నాకు కుర్చీ చూపించి, కంప్యూటర్ చూసి, చిన్నోడి వైపు తిరిగింది.

"ఆపి ఎన్నాళ్ళైంది?"

"పదమూడు రోజులు."

ఆమె కలం ఆగింది. "నీకు నెల మందు ఇచ్చినట్టుంది. ఏం చేశావు?"

వాడు నా వైపు చూశాడు. నాకు మాట్లాడటం చేతకాదు గాని, ఆ గదిలో మూడో మనిషిని నేనే.

"ఇచ్చేశాడమ్మా."

"ఎవరికి?"

"లేనివాడికి."

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నేను నమ్ముతాను పెద్దాయనా. మందుల స్టోరు నమ్మదు. వాళ్ళకు కాగితం కావాలి. కొత్త ఫైలు తెరుద్దామంటే పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి, మూడు వారాలు పడుతుంది. మధ్యలో పాత ఫైలు బయటపడితే రెండూ ఆపేస్తారు. ఈ మందు సంగతి మీకు తెలియాలి. రోజూ పడుతుంటే క్రిమి అణిగి ఉంటుంది. ఇలా ఆగి ఆగి పడితే అది మందుకు రాటుదేలుతుంది. తర్వాత అదే బిళ్ళ ఎన్నాళ్ళు మింగినా దానికి లెక్కుండదు. ఇప్పటికే పదమూడు రోజులంటే నాకు భయంగా ఉంది."

"ఏం తేవాలి?"

"ఆ పచ్చ పుస్తకం. అందులో నేను రాసి సంతకం పెడితే స్టోరు కాదనదు. అది తెచ్చిన రోజే మందిస్తాను. టోకెన్ దొరక్కపోయినా సరే, లోపలికొచ్చి నన్ను పిలవండి."

మర్నాడు జైల్లో ములాఖత్ రోజు. ఇద్దరం బస్సెక్కాం. జైలు ఇంకా రెండు స్టాపులుందనగా చిన్నోడి చెయ్యి ముందు సీటు కడ్డీని పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"నాన్నా, నావల్ల కాదు."

"దిగు. సెంటర్‌కు పో, టైమవుతోంది."

వాడు దిగి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను వెనక్కి చూడలేదు.

గేటు దగ్గర ఏమవుతావని అడిగితే రేడియోకు బాబాయ్‌నని రాయించాను. ములాఖత్ గదిలో ఇనప వల అవతల గోలగోలగా ఉంది. సన్నగా, చీపురు పుల్లలా ఉన్న మనిషి ఒకడు వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరు బాబాయ్ నువ్వు? మా నాన్నకు తమ్ముళ్ళు లేరు. ఉన్నా వచ్చే రకం కాదు. నన్ను చూడ్డానికి ఎవరొచ్చినా అప్పువాళ్ళో పోలీసులో అయ్యుంటారు, నీ వాలకం చూస్తే రెండూ కాదు. పేరు తప్పు రాయించావేమో, పోనీలే, వచ్చావు కాబట్టి కాసేపు మాట్లాడు, లోపల మొహాలు చూసి చూసి..."

"చిన్నోడి నాన్నని."

రేడియో ఆగింది.

"బాగున్నాడా?"

"మందు లేదు."

"మందు లేకపోవడమేంటి? బయట బోలెడు ఆస్పత్రులన్నాడే."

"పుస్తకం అడిగారు."

వాడు వలను రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను వద్దన్నాను బాబాయ్. నీ కొడుకు వింటేనా. ఒళ్ళో పెట్టి పారిపోయాడు. నా సరుకు ఇంకో పన్నెండు రోజులు ఆలస్యమైంది, ఆ పన్నెండు రోజులూ వాడి బిళ్ళలే మింగాను. లేకపోతే ఇప్పుడు నీతో ఇలా వాగుతుండేవాణ్ణి కాదు. మిగిలినవి సోదాలో దొరికితే తంతారని కాంపౌండరుకి అప్పజెప్పాను. పుస్తకం కూడా ఆయనకే ఇచ్చాను. ఆయన మంచోడే బాబాయ్, భయస్తుడు అంతే."

గంట కొట్టారు. వాడు వెనక్కి నడుస్తూ కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు.

కాంపౌండరు గది బయటి ఆవరణలోనే ఉంది. కిటికీ, కిటికీ ముందు ఒక బల్ల. విరిగిన కళ్ళద్దాలకు దారం చుట్టుకున్న మనిషి తల బయటపెట్టాడు. సంగతి విన్నాడు.

"అందినట్టు వాడు సంతకం పెట్టాడు పెద్దాయనా. రిజిస్టర్‌లో మందు అందింది, పుస్తకం అందింది. అందినవాటిని మళ్ళీ ఎలా ఇస్తాను? కావాలంటే వాడే వచ్చి అడగాలి."

"రాలేడు."

"ఏం?"

"ఈ గోడ చూస్తే కాళ్ళు కదలవు."

కిటికీ మూసుకుంది. నేను బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు పదిన్నర. పన్నెండింటికి కిటికీ తెరుచుకుంది.

"ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను. పుస్తకం కావాలి."

ఒంటిగంటకు తెరుచుకుంది. నేనున్నాను. పుస్తకం కావాలన్నాను. రెండింటికీ అంతే. మాటకారి ఎవరైనా అయితే ఈపాటికి ఆయనతో వాదించి, గొంతు పెంచి, పని చెడగొట్టుకునేవాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. పరుపుల పనిలో నలభై ఏళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా రోజంతా గడిపినవాణ్ణి.

మూడింటికి ఆయన తలుపు తీసుకుని బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నిజం రాస్తే లోపల ఉన్నవాడికి శిక్ష. ఒకడి మందు ఇంకొకడు మింగకూడదు. అబద్ధం రాస్తే నా ఉద్యోగానికి ముప్పు. నేనేం చెయ్యను చెప్పు?"

"ఏదీ రాయొద్దు బాబూ. పుస్తకం చాలు."

ఆయన కాసేపు కళ్ళద్దాల దారం సవరించుకున్నాడు. తర్వాత లోపలికి రమ్మన్నాడు. బల్ల కింద సొరుగు లాగాడు. అది పూర్తిగా రాలేదు, అంత నిండి ఉంది. అన్నీ పచ్చ పుస్తకాలే.

"ఇవన్నీ ఎవరివి?"

"మీవాడి లాంటివాళ్ళవి. వారానికి ఇద్దరు ముగ్గురు. నేను చేతికిస్తాను. వాళ్ళు చాప దగ్గరికి పోయి వదిలేసి పోతారు. అరిచి చెప్పాను, గోడ మీద రాయించాను. పెద్ద ఆఫీసర్లు వచ్చి మూఢనమ్మకం అని కోప్పడి పోయారు. ఎవడు వింటాడు? ఇక్కడికి తిరిగి రాకూడదన్న ఆశ ఒక్కటే కదా వాడి దగ్గరున్నది."

"వీళ్ళంతా ఇప్పుడెక్కడున్నారు?"

"నాకేం తెలుసు?"

ఆయన వెతుకుతున్నంతసేపూ నేను ఆ సొరుగు వైపే చూశాను. ఒక్కో పుస్తకం మీద ఒక్కో మనిషి ఫొటో అతికించి ఉంది.

"లోపల ఎందుకిస్తావు?" అన్నాను.

"మరెక్కడివ్వాలి?"

"గేటు బయట. బయట అందుకున్నది లోపలిది కాదుగా."

ఆయన చెయ్యి ఆగింది. "గేటు బయట నా డ్యూటీ కాదు."

"ఇంటివాళ్ళ చేతికివ్వు. ఎవరూ లేనివాడికి నాకు కబురు పెట్టు."

ఆయన మళ్ళీ సొరుగులో చెయ్యి పెట్టాడు. చిన్నోడి పుస్తకం దొరికింది. రిజిస్టర్‌లో నా చేత సంతకం పెట్టించాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని పెడుతుంటే ఓపికపట్టాడు. మా దుకాణం ఫోన్ నెంబరు అడిగి ఒక చీటీ మీద రాసుకున్నాడు.

మర్నాడు కౌన్సిలరమ్మ తనే స్టోరుకు నడిచి వెళ్ళి డబ్బా తెచ్చింది. చిన్నోడు అక్కడే, ఆమె గ్లాసులో నీళ్ళతోనే మొదటి బిళ్ళ మింగాడు. ఆగిన పదిహేను రోజుల వల్ల నష్టం జరిగిందో లేదో నెల తర్వాత రక్తం చూస్తే తెలుస్తుందంది.

"జరిగి ఉంటే?" అన్నాడు వాడు.

"మందు మారుస్తాం. నువ్వు మాత్రం రావడం మానకు."

ఇంటికొచ్చాక వాడు మళ్ళీ దూది ఏరడానికి మూలకు పోతుంటే అమ్మాయి ఆపింది.

"ఎక్కడికి? చట్రం దగ్గరికి పో."

"రక్తం చూసేదాకా ఆగుదామక్కా."

"నేను పోయి ఆ కౌన్సిలరమ్మను అడిగి వచ్చాను. నిన్న నాన్న ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు. పోటు పడితే ఏం చెయ్యాలో, ఎంతసేపట్లో ఎక్కడికి పరుగెత్తాలో అంతా చెప్పింది. ఒక దబ్బనం నీకు, ఒకటి నాన్నకు. ఒకరిది ఒకరు ముట్టుకోరు. ఇవిగో."

దళసరి తోలుతో కుట్టిన వేలి తొడుగులు వాడి ఒళ్ళో పడేసింది. నాకూ నాలుగు కుట్టింది.

"నువ్వు బిళ్ళ మింగు, మేం ఇవి తొడుక్కుంటాం. మిగిలినదంతా పని. లాడ్జీవాళ్ళు పొద్దుట్నుంచి ఫోన్ చేసి నా ప్రాణం తీస్తున్నారు."

రెండు దబ్బనాలతో కుట్టడం మేమెప్పుడూ ఎరగం. నాది పొడిచి సగం దాకా పంపితే, వాడు తొడుగు వేళ్ళతో మొన దగ్గరి కన్నంలోంచి దారం తప్పించి, తన దబ్బనానికి ఎక్కించి తిరిగి పంపేవాడు. మొదటి రెండు రోజులు ఇద్దరం తిట్టుకున్నాం. మూడో రోజుకు లయ కుదిరింది. పాత లయ కంటే నిదానం. అయినా నడిచింది.

ప్రతి రాత్రీ అన్నం తిన్నాక వాడు డబ్బా తీసి మూత తిప్పేవాడు. అమ్మాయి వేరే పనిలో ఉన్నట్టే ఉండి, గుటక చప్పుడు విన్నాక లేచి గిన్నెలు సర్దేది.

చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో, డబ్బా అయిపోయే రెండు రోజుల ముందు, దుకాణానికి ఫోన్ వచ్చింది. కాంపౌండరు.

"ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి ఆ వాగుడుకాయను వదులుతున్నారు. వాడికెవరూ లేరు. గేటు బయట అన్నావు కదా పెద్దాయనా."

ఎల్లుండే చిన్నోడు రెండో డబ్బా తెచ్చుకోవాలి. ఎనిమిదింటికి సెంటర్‌లో మందు, తొమ్మిదింటికి జైలు గేటు, పదిలోపు టోకెన్. అమ్మాయి నేల మీద సుద్దతో గీతలు గీసి బస్సులు ఆలోచించింది.

"నాన్న గేటుకు పోతాడు. నేను వరసలో నిలబడతాను. నువ్వు మందు తాగి నేరుగా ఆస్పత్రికి రా."

"గేటుకు నేను పోతాను" అన్నాడు చిన్నోడు.

అమ్మాయి నా మొహం చూసింది.

"పోనివ్వు" అన్నాను.

ఆ పొద్దున నేను ఏడింటికే వరసలో నిలబడ్డాను. తొమ్మిదిన్నరైంది. పావు తక్కువ పదైంది. నా ముందు నలుగురే మిగిలారు. కిటికీలో కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు.

"తాతా, మళ్ళీ ఒక్కడివేనా?"

అప్పుడే వెనకనుంచి గొంతు వినపడింది. మనిషి కంటే ముందు వచ్చే గొంతు.

"...అదిగో బాబాయ్. బాబాయ్, చూడు, నా చేతులు ఖాళీ. నేనేమీ తేలేదు. అంతా వీడే తెచ్చాడు, నాకు సంబంధం లేదు. చెప్పులు కూడా వదిలేశాను, రోడ్డు ఎంత చల్లగా ఉందో."

రేడియో వట్టికాళ్ళతో గంతులేస్తున్నాడు. చిన్నోడు పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బిళ్ళల డబ్బా. ఇంకో చేతిలో రెండు పచ్చ పుస్తకాలు.

"గేటు దాకా పోయావా?" అన్నాను.

"ఎదురుగా టీ బడ్డీ దాకా పోయాను. అక్కడ ఆగిపోయాను."

"వీడు రోడ్డు దాటలేదు బాబాయ్" అన్నాడు రేడియో. "బిగుసుకుపోయాడు. నేను ఇటు గేట్లో నిలబడి రారా అంటే రాడే. అప్పుడు కాంపౌండరే నా డబ్బా, పుస్తకం పట్టుకుని రోడ్డు దాటాడు. ఉద్యోగంలో చేరాక ఆయన ఆ పక్కకు ఎప్పుడైనా పోయాడో లేదో. కోటు కూడా విప్పలేదు. వీడి చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెనక్కి పోయాడు."

చిన్నోడు నన్ను దాటి వచ్చి వరసలో నా చోట నిలబడ్డాడు. రేడియోను చొక్కా పట్టుకుని తన వెనక నిలబెట్టుకున్నాడు. "ఇక్కడ కాసేపు నోరు మూసుకో. లోపల నేను చెబుతాను. తర్వాత నిన్ను సెంటర్‌కు తీసుకుపోతాను, పదిన్నరకు మూస్తారు, రేపటికైనా పేరు రాయిద్దాం." చేతి గడియారం చూసుకున్నాడు. "ఈరోజు నాకు రక్తం కూడా తీస్తారు నాన్నా. ఆలస్యమవుతుంది."

వాళ్ళ ముందు ఇంకా ముగ్గురున్నారు. నేను ఉండక్కర్లేదనిపించింది. బస్సెక్కి దుకాణానికి వచ్చేశాను.

పగలు రెండు గంటల వేళ ఒక ఆసామి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ పరుపు అప్పటికే నింపి, మూతి కుట్టి, చట్రానికి కట్టి ఉంచాను.

"ఇంకా కుచ్చులే వెయ్యలేదేం?" అన్నాడు.

"నాలుగింటికి రండి. ఇంకో మనిషి రావాలి."

"ఎక్కడికి పోయాడు?"

"ఆస్పత్రికి."

"అమ్మో, ఆస్పత్రికి పోయినవాడు ఈరోజు వస్తాడా?" అంది ఆయన భార్య. "పోనీ మీరే రెండు పక్కలా కుట్టెయ్యకూడదూ?"

అమ్మాయి మిషను ఆపి తలెత్తి నా వైపు చూసింది.

"వస్తాడు" అన్నాను. రెండో దబ్బనానికి దారం ఎక్కించి, చట్రానికి అవతలి వైపు, వాడి తొడుగుల పక్కన పెట్టాను.